తెల్లచీరల్లో నీలం

చిన్న బొమ్మలకి రంగులు వేసే పిల్లలు ఈమధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఎరుపు గురించి అడగరు, నలుపు గురించి అడగరు. అందరిదీ ఒకటే బాధ. "తెలుపు వేస్తే సున్నం కొట్టినట్టు వస్తన్నాది సార్, ఏటి సెయ్యాలి?" అంటారు. జవాబు చిన్నదే, చెబుతాను. కానీ అది చెప్పి ఊరుకుంటే నాకు కాళ్ళూ చేతులూ నిలవవు. బ్రష్షుతో నా ఉద్యోగం తెలుపు దగ్గరే ఆగిపోయింది. వాళ్ళకి ఆ సంగతి కూడా తెలియాలని నా ఆరాటం.

చోడవరం బస్టాండు వెనక సందులో, ఎరువుల కొట్టు పైనున్న మేడగది మా వర్క్‌షాపు. కట్టబోయే అపార్టుమెంటో, కాలేజీయో, కల్యాణమండపమో ఎలా ఉంటుందో ముందే చిన్నగా చేసి అద్దాలపెట్టెలో పెట్టి చూపించడం మా పని. చెరకు సీజన్లో లోడు లారీ వెళ్ళిందంటే బల్ల అదిరేది. బ్రష్షు గాలిలో పట్టుకుని, లారీ మలుపు తిరిగేక మళ్ళీ దించేవాణ్ణి. ఊపిరి తీసుకోవడం కూడా ఆ లారీలతోపాటే అలవాటైపోయింది.

మేం ముగ్గురం. మా యజమాని నాకంటే చిన్నవాడు. తీరిగ్గా ఉంటే "గురువుగారూ" అనేవాడు, కంగారులో ఉంటే "అన్నయ్యా" అనేవాడు. రోజులో ఎక్కువసార్లు అన్నయ్యనే. రెండోది రోలుగుంట వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకావిడ. షీట్లు కోసి, అతికి, గోడలు నిలబెట్టడం ఆమె పని. నన్ను బాబాయ్ అనేది. నోరు కొంచెం గట్టిది. రంగులు, బొమ్మలు నావి. మనుషులు, చెట్లు, ఆవులు, ఆటోలు, కూతురి చెయ్యి పట్టుకున్న తండ్రి, ఇలా ఏది కావాలన్నా నేనే.

చీడికాడ దారిలో, కొండల వైపు, ఒక పాత క్రైస్తవ మిషను ఆసుపత్రి ఉండేది. మూతపడి చాలాకాలమైంది. పెంకులు జారిపోయి గోడలు ప్రమాదంగా తయారైతే చివరికి పడగొట్టేసేరు. అందులో పనిచేసి రిటైరైన నర్సులు కొందరు మా దగ్గరకి వచ్చేరు. ఆ ఆసుపత్రిని చిన్నగా చేసి ఇవ్వాలి, చర్చి హాల్లో పెట్టుకుంటాం అన్నారు. పైకప్పు తీస్తే లోపల వార్డు కనబడాలి, మంచాలు కనబడాలి, మంచాల మధ్య తాము కనబడాలి. పాత ఫొటోలు పట్టుకొచ్చేరు. అన్నీ నలుపు తెలుపువే.

"రంగులు తెలీడం లేదండి," అన్నాను.

ఒకావిడ నవ్వేసింది. "రంగులెక్కడివి బాబూ! తెల్లగోడలు, తెల్ల దుప్పట్లు, తెల్లచీరలు. కళ్ళారా చూసినా ఇలాగే ఉండేది."

వెళ్ళిపోతూ ఇంకొకావిడ గుమ్మం దగ్గర ఆగింది. "మా పెద్ద సిస్టరమ్మ ఉన్నారు. ఇప్పుడు నడవలేరు, ఒంట్లో బాగోవడం లేదు. ఆసుపత్రి పడగొడుతున్నప్పుడు తీసికెళ్ళమని ఏడ్చేరు. తీసికెళ్ళలేకపోయేం. మేమంతా కలిసేరోజుకి ఇది తయారైపోవాలండి. ఆవిడ చూడాలి," అంది.

మా యజమాని మాట ఇచ్చేసేడు.

తెలుపు మీద తెలుపు, దాని పక్కన మళ్ళీ తెలుపు. పిల్లలూ, మీరడిగిన జవాబు ఇక్కడ చెప్పేస్తాను. తెల్లచీరకి ముందుగా తెలుపు వెయ్యకూడదు. మొదట్లోనే తెల్లగా వేసేస్తే ఆ పైన వెళ్ళడానికి చోటుండదు. బూడిదరంగో, పలచటి గోధుమరంగో అడుగున వెయ్యాలి. దానిమీద కొంచెం మాసిన తెలుపు, నీళ్ళపాలంత పలచగా, ఒక పొర ఆరేక ఇంకో పొర. మడతల లోపల అడుగురంగుని వదిలెయ్యాలి. అసలు తెలుపుని దాచుకుని, వెలుతురు తగిలే అంచుల దగ్గర, భుజం మీద, కుచ్చిళ్ళ కొసన మాత్రమే తాకించాలి. చిక్కగా వేసేవా, సున్నమే. నా టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దానిమీద బటర్ పేపరు, ఆ పైన రంగు. అలాగైతే రంగు తొందరగా ఎండిపోదు.

ఇక మడతల్లో వేసే నీడ. చల్లటి తెలుపు కావాలంటే నీడలో రవ్వంత నీలం, వెచ్చటిది కావాలంటే రవ్వంత గోధుమ. నేను నీలం వేసేను. వేలి కణుపంత సిస్టర్లు. తలమీద టోపీ గోధుమగింజలో సగం కూడా ఉండదు. చాలా ఇష్టంగా వేసేను.

కానీ ఆ నీలం నాకు చాలలేదు. వేస్తే బూడిదలా కనబడేది. ఇంకొంచెం వేసేవాణ్ణి. అయినా చీర మొత్తం మీద ఏదో మాసినట్టు, పాతగుడ్డలా, పచ్చగా అనిపించేది. ఇంకొంచెం వేసేవాణ్ణి.

ఒకరోజు షీట్లు కోసే ఆమె కట్టరు పక్కన పెట్టి వచ్చి నా భుజం మీంచి చూసింది.

"బాబాయ్, ఈ సిస్టర్లకి చలేస్తన్నట్టుంది."

"ఏటి?"

"నీలంగా ఉన్నారు."

"అది నీడ."

"నీడలా నేదు. ఏట్లో ముంచి తీసినట్టుంది."

"నువ్వు గోడలు సూసుకో," అన్నాను.

అన్నాను గాని నిలవలేకపోయేను. ట్యూబులైటు మీద అనుమానం వచ్చి మార్పించేను. కొత్తదీ అంతే. బొమ్మని చేత్తో పట్టుకుని మేడమీదకి వెళ్ళి ఎండలో చూసేను. ఎండలో ఇంకా పచ్చగా ఉంది. కిందకి వచ్చి ఇంకాస్త నీలం వేసేను. మళ్ళీ మేడెక్కేను. తెలుపు సీసాయే పాతబడిందని అవతల పారేసి, విశాఖపట్నం నుంచి కొత్తది తెప్పించేను. దానిమూత తియ్యగానే అదీ పసుపుకొట్టినట్టే కనబడింది. "ఈ కంపెనీవాళ్ళు మోసం చేస్తున్నారు," అని మా యజమాని మీద కేకలేసేను. అతను సీసాలోకి చూసేడు, నావంక చూసేడు, మూత బిగించి పెట్టేసేడు.

ఇంటి దగ్గరా అదే గొడవ. "నా తెల్లచొక్కాలు పచ్చబడిపోతన్నాయి, సరిగ్గా ఉతకడం లేదు," అని మా ఆవిడ మీద విరుచుకుపడేవాణ్ణి. "ఇంకెంత నీలిమందు పెట్టమంటావు? బకెట్లో నా చేతులు కూడా నీలంగా అయిపోతన్నాయి," అనేది. ఆమె పంతానికి అంటోందని నేను కంచం ముందునుంచి లేచిపోయేవాణ్ణి. అన్నం సయించేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే మేడెక్కాలనిపించేది.

మా యజమాని వార్డు ఫొటో తీసి ఆ నర్సులకి పంపించేడు. "చాలా బాగుంది. చీరలు కొంచెం నీలంగా కనబడుతున్నాయి, ఫోనువల్ల కావచ్చు," అని జవాబొచ్చింది.

"చూసేవా! ఫోనువల్లే," అన్నాను షీట్లు కోసే ఆమెతో.

"నేను కళ్ళలో ఫోను పెట్టుకుని పుట్టేనేటి, బాబాయ్?" అంది.

వార్డు ముక్క వరకూ పూర్తయింది. ముందుగా పెద్ద సిస్టరమ్మకి చూపించి, తప్పొప్పులు కనుక్కుని రావాలని మా యజమాని నిర్ణయించేడు. అట్టపెట్టెలో జాగర్తగా సర్ది, ఒళ్ళో పెట్టుకుని, ముగ్గురం ఆటోలో దేవరాపల్లి దారి పట్టేం. గతుకు వచ్చిన ప్రతిచోటా నేను పెట్టెని గాలిలోకి ఎత్తుతూనే ఉన్నాను.

ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చునుంది. బాగా పెద్దావిడ. జుట్టు మొత్తం నెరిసిపోయింది, వేళ్ళు వంకర్లు తిరిగిపోయేయి. కానీ చూపు మాత్రం వార్డులో రౌండుకి వచ్చినట్టే ఉంది. పెట్టె తెరిచి ముందు పెట్టేను. మంచాలు చూసింది. కిటికీలు చూసింది. "ఈ కిటికీ తలుపు ఎప్పుడూ మూసుకునేది కాదు," అంది మెల్లగా. తర్వాత ఒక సిస్టరు బొమ్మని తియ్యమంది. తీసి అరచేతిలో పెట్టేను.

"ఎంత బాగా చేసేవు బాబూ, కుచ్చిళ్ళు కూడా! కానీ ఇదేమిటి, మా పిల్లలందరికీ నీలిమందు ఎక్కువైపోయింది?"

మాతో వచ్చిన ఆమె నావైపు చూడకుండా గోడవైపు చూసింది.

"నీడండి అది," అన్నాను. "దగ్గర్నుంచి చూస్తే అలా ఉంటుంది."

ఆవిడ బొమ్మని పక్కన పెట్టింది. బొమ్మని కాదు, నన్ను చూస్తోంది.

"బండి నడుపుతావా?"

"మానేసేనండి."

"ఎందుకు?"

"సాయంత్రం ఎదురొచ్చే లైట్లు మరీ పెద్దవి పెడుతున్నారండి ఇప్పుడు. కళ్ళు చెదిరిపోతాయి."

"ఇలా రా. వెలుతురుకి తిరుగు."

వంకరవేళ్ళతో నా కనురెప్ప పైకెత్తింది. ఒకటి, తర్వాత రెండోది. ఆ వేళ్ళు రవ్వంత కూడా వణకలేదు. తర్వాత లోపలికి కేకేసి ఒక తువ్వాలు, ఒక దిండుగలీబు తెప్పించి ఒళ్ళో పరుచుకుంది.

"ఈ రెండిట్లో ఏది తెలుపు బాబూ?"

చూసేను. రెండూ ఒకటే. నన్ను పరీక్ష చేస్తోందని తెలిసి ఇంకా వంగి చూసేను. మెడ తిప్పి చూసేను. రెండూ ఒకటే.

"రెండూ తెలుపేనండి."

ఎప్పుడూ నాతో వాదించే ఆమె, బొమ్మని తీసి పెట్టెలో సర్దడం మొదలెట్టింది.

"ఈ తువ్వాలు మీగడరంగు బాబూ," అంది పెద్ద సిస్టరమ్మ. "శుక్లాలు. రెండు కళ్ళకీ. బాగా ముదిరేయి. నేను చాలాకాలం కళ్ళ వార్డులో చేసేను. లోపల అద్దం పచ్చబడిపోతుంది. నువ్వు లోకాన్నంతటినీ టీ గ్లాసులోంచి చూస్తున్నావు. నీలం అందులోంచి రాదు. అందుకని ఇంకా ఇంకా పోస్తున్నావు."

నాకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, ముందు భయం రాలేదు, కోపమే వచ్చింది. "నేనిప్పటికీ వేలిగోరంత మొహానికి కనుబొమలు గీస్తానండి," అన్నాను.

"గీస్తావు. గీత గీయడానికి నీకేం ఇబ్బంది లేదు. రంగే నీ చేతిలో లేదు." నా చెయ్యి పట్టుకుంది. "భయపడకు. చిన్న ఆపరేషను. నాకు బొమ్మలు ఆలస్యమైనా పర్వాలేదు, నువ్వు ఆలస్యం చెయ్యకు."

తిరుగు ప్రయాణంలో ఆటోలో పెట్టె నా ఒళ్ళో పెట్టుకోలేదు. ఆమె తీసుకుంది. నా బుర్రలో అంతకుముందు చేసిన మోడళ్ళన్నీ తిరుగుతున్నాయి. ఆ కాలేజీ గోడలు? ఆ కల్యాణమండపం స్తంభాలు? ఎవరెవరు చూసి, ఏమనుకుని, మొహమాటానికి బాగుందని వెళ్ళిపోయేరో!

"నీకెప్పట్నుంచి తెలుసు?" అని ఆమెని అడిగేను.

"నీలం తెలుసు బాబాయ్. కళ్ళవల్లని తెలీదు. నీకలా ఇష్టమేమో అనుకున్నాను," అంది. తర్వాత కొంచెంసేపటికి, "తెలిస్తే అలా ఎటకారం సేసేదాన్నేటి?" అంది.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేసేరు. విశాఖపట్నంలో. కట్టు విప్పిన పొద్దున నాకు ముందుగా కనబడింది, విప్పిన దూదే. దూది అంత తెల్లగా ఉంటుందని ఎవరైనా నాకు చెప్పాలా? ఇన్నేళ్ళు తెలుపుతో బతికినవాణ్ణి. ఆ దూదిముక్క ఇమ్మని నర్సుని అడిగితే, వింతగా చూసి, చెత్తబుట్టలో పడేసింది.

ఇంటికి వచ్చి బీరువా తెరిచేను. నా తెల్లచొక్కాలన్నీ ఆకాశంలా ఉన్నాయి. ఒకటి కూడా తెలుపు లేదు. వాటిని వేసుకునే ఊరంతా తిరిగేను. మా ఆవిడ వెనకనుంచి వచ్చి నిలబడింది. "సెప్తే విన్నావేటి?" అని ఒక్కమాట అని, నా కంట్లో మందుచుక్కలు వేసే టైమైందని కూర్చోబెట్టింది.

మర్నాడు ఉండబట్టలేక వర్క్‌షాపుకి వెళ్ళేను. కొత్త కన్ను మూసి చూస్తే నా సిస్టర్లు మల్లెపువ్వుల్లా ఉన్నారు. పాత కన్ను మూసి చూస్తే నీటిలో మునిగి పైకి తేలినవాళ్ళలా ఉన్నారు. ఆ కన్ను మూసి ఈ కన్ను, ఈ కన్ను మూసి ఆ కన్ను. మా యజమాని వచ్చి అద్దాలపెట్టె మూత వేసేసేడు. "చాలు అన్నయ్యా. కంటికి మంచిది కాదు."

నర్సులు కలిసేరోజు దగ్గర పడుతోంది. నేను వెంటనే మళ్ళీ వేస్తానన్నాను. డాక్టరు వినలేదు. దుమ్ములో కూర్చోకూడదు, వంగి పని చెయ్యకూడదు, కంటికి శ్రమ వద్దు. బ్రష్షు ముట్టుకోనివ్వలేదు. ఉన్న దారి ఒకటే, షీట్లు కోసే ఆమె చేత వేయించడం.

"నావల్ల కాదు బాబాయ్," అంది ఆమె. "నేను కోసేదాన్ని. బ్రష్షు పడితే నా చెయ్యి కట్టరు పట్టినట్టే పడతాది."

"నేను పక్కన కూర్చుని చెబుతాను."

"అదే నా భయం," అంది.

భయపడ్డట్టే అయింది. చెబుదామంటే నాకు మాటలు లేవు. అన్నేళ్ళు చేత్తో చేసిందాన్ని నోటితో చెప్పడం నాకు రాలేదు. "ఇక్కడ కొంచెం... అలా కాదు... కొంచెం అటు..." అనేవాణ్ణి. ఆమె వేసిన మొదటి సిస్టరు సున్నంబొమ్మలా వచ్చింది. కడిగేం. రెండోది కూడా అంతే. నా చేతులు ఆగక ఆమె బ్రష్షు మీదకి వెళ్ళిపోయేవి. ఒకసారి చెయ్యి తగిలి సిస్టరు మొహం మీద గీత పడింది.

"బాబాయ్, కిందకి పోయి టీ తాగి రా!" అని తరిమేసింది.

వెళ్ళేను. బస్టాండు దాకా నడిచేను, టీ తాగకుండా తిరిగి వచ్చేను. మళ్ళీ తరిమింది. కొత్త కంటికి నల్లద్దాలు పెట్టుకుని, ఏ పనీ లేనివాడిలా బస్సుల మధ్య తిరుగుతుంటే తెలిసినవాళ్ళు పలకరించి జాలిపడేవారు. ఆ జాలి నుంచి తప్పించుకోవడానికి మళ్ళీ మేడెక్కేవాణ్ణి.

అలా ఎక్కినప్పుడు చూసేను. డాబా మీద ఆమె ఒక తెల్లచీరని దండెం మీద ఆరేసి దానిముందు నిలబడి ఉంది. చర్చికి కట్టుకెళ్ళే చీర అట, వాళ్ళమ్మది. ఇంటినుంచి తెచ్చింది.

"ఏటి సూస్తన్నావు?"

"నీలం ఎక్కడుందా అని." చీర మడత వేలితో తెరిచింది. "పైన ఆకాశం వైపున్న మడతలో కొంచెం ఉంది. కింద మడతల్లో నేదు బాబాయ్. పక్కింటి పెంకుల రంగు దిగింది సూడు."

నేనూ చూసేను. కొత్త కంటితో. పెంకుల ఎరుపు నీరెండలో చీర మడతలోకి వచ్చి, రొయ్యపొట్టు రంగులో మెత్తగా పరుచుకునుంది. ఇంకో మడతలో ఆమె చేతి రంగు. మరి వార్డులో సిస్టర్లకి? అక్కడ నేల ఎర్రటి గచ్చు. మంచాలకి ఆకుపచ్చ రంగు అని తర్వాత ఫోనులో నర్సులే చెప్పేరు.

ఇద్దరం ఒక్కసారే కిందకి పరిగెత్తేం. నేను మెట్లమీద పరిగెత్తకూడదు, పరిగెత్తేను.

ఆ తర్వాత మాటలు వచ్చేయి. "కింద కుచ్చిళ్ళలో గచ్చురంగు, ఉందా లేదా అన్నంత. మంచం పక్కనున్న సిస్టరుకి ఆ పక్క ఆకుపచ్చ, అంతకన్నా తక్కువ. నీలం భుజం వెనక మాత్రం." ఆమె వేసింది. నేనైతే అంత మొరటుగా అంచులు వెయ్యను. కానీ సిస్టరు నేలమీద నిలబడింది. నేను వేసినవాళ్ళు అందంగా ఉండేవారు గాని, ఎక్కడా నిలబడేవారు కాదు. అది ఒప్పుకోవడానికి నాకు ఆ మధ్యాహ్నం మొత్తం పట్టింది. ఒప్పుకున్నాక హాయిగా టీ తాగేను.

అందరూ కలిసేరోజు చర్చి హాలు నిండిపోయింది. రిటైరైన నర్సులు, వాళ్ళ పిల్లలు, ఒకప్పుడు ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు కూడా వచ్చేరు. పెద్ద సిస్టరమ్మని కుర్చీతో సహా ఎత్తుకొచ్చేరు. ఫొటోలకి అడ్డమని మా యజమాని అద్దం మూత తీసేడు. తియ్యకుండా ఉండవలసింది.

"ఇది నేనే. నేను పొట్టిదాన్ని."

"నువ్వెక్కడ, అది నేను! నువ్వు పిల్లల వార్డు కదా."

"పిల్లల వార్డు అయితే ఈ మంచం దగ్గరెందుకున్నాను? జరుపు నన్ను."

అడ్డుకునేలోపు ఒకావిడ బొమ్మని పట్టుకుని లాగేసింది. అతుకు టప్పుమంది. ఇంకొకావిడ ఇంకో బొమ్మ. "అయ్యయ్యో అమ్మా, గమ్ముతో అంటించేమండీ!" అని మా యజమాని మొత్తుకుంటున్నాడు. ఎవరు వింటారు? అన్ని చేతులూ వార్డులోనే. ఎవరెవరు ఏ మంచం దగ్గర ఉండేవారో, ఎవరి డ్యూటీ ఎక్కడో వాదులాడుకుంటూ, నవ్వుకుంటూ, తెల్లచీరల మీద వేళ్ళముద్రలు వేస్తూ జరిపేస్తున్నారు. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకునుంది. రంగుల్లో తన మొదటి పని. నేనేమైనా అంటే ఏడ్చేసేలా ఉంది.

నేను సంచిలోంచి గమ్ము ట్యూబు తీసి ముందుకెళ్ళేను. "ఎక్కడ నిలబెట్టమంటారో చెప్పండి సిస్టర్, నేను అంటిస్తాను," అన్నాను. ఒక్కొక్కళ్ళూ చెప్పేరు. కిటికీ దగ్గర ఒకరు, మందుల బల్ల దగ్గర ఒకరు, వరండాలో గాలికి ఒకరు. ఒంటికన్నుతో అంటించుకుంటూ పోయేను.

చివరికి పెద్ద సిస్టరమ్మ తన బొమ్మని తియ్యమంది. వార్డు మధ్యలో, అందరికీ కనబడేలా పెట్టేం ఆవిణ్ణి.

"ఎక్కడ పెట్టమంటారమ్మా?"

"ఎక్కడైనా సరే. కూర్చోబెట్టు," అంది.

"ఇది నిలబడే బొమ్మ అమ్మా. వంచితే విరిగిపోతుంది."

"నిలబడీ నిలబడీ నా మోకాళ్ళు అలాగే విరిగేయి బాబూ." నవ్వుతూనే అంది. కానీ బొమ్మని నాకు తిరిగి ఇవ్వలేదు. గుప్పెట్లో పెట్టుకుంది.

రెండో కన్ను కూడా బాగయ్యేక, కావాలంటే నేను మళ్ళీ బల్ల ముందు కూర్చోవచ్చు. మా యజమాని అడిగేడు కూడా. కానీ అప్పటికి ఆ కుర్చీలో ఆమె సర్దుకుపోయింది, తన టిఫిన్ డబ్బా, తన స్పాంజి. లేపబుద్ధి కాలేదు. ఒక్క బొమ్మ మాత్రం నాకు వదలమన్నాను. వేలి కణుపులో సగం ఎత్తు. స్టూలు మీద కూర్చున్న ఒక సిస్టరు. ఒళ్ళో చేతులు. కూర్చుంటే చీర ఒళ్ళో పడే నీడ అన్నిటికంటే కష్టం. అందులో నేల రంగు రాదు, పైనుంచి వచ్చే వెలుతురు కూడా సగమే. నీలం ఎంత వెయ్యాలో ఈసారి నా కళ్ళే చెప్పేయి.

దాన్ని చర్చి హాలుకి తీసికెళ్ళి వార్డు గుమ్మం పక్కన, గోడకి ఆనించి అంటించి వచ్చేను. పెద్ద సిస్టరమ్మ దాని ఫొటో చూసి, "అమ్మయ్య," అందట. మిగతా సిస్టర్లు మాత్రం చర్చికి వచ్చిన ప్రతి ఆదివారం ఆ అద్దం ముందు ఆగి, "డ్యూటీలో కూర్చున్నారు చూడండి," అని ఆవిడ మీద చాడీలు చెప్పుకుంటున్నారట.